పడ్డ పిల్లకే ఫస్టు

నాగాయలంక,
అక్టోబరు.

ఏమే కృపావతీ,

నేను, దయామణిని. నేను చెప్తుంటే మన పాస్టరమ్మ షీబాగారు రాస్తున్నారు. ఫోన్లో నాకు గాలి హోరు తప్ప మాట వినపడదని నీకు తెలుసు, అందుకే కాగితం. అన్న మాట అన్నట్టు రాస్తానని ఒట్టు వెయ్యమన్నాను. పాస్టరు భార్య ఒట్టు వెయ్యకూడదంట. సరే, నమ్మి చెప్తున్నాను.

నిన్న మంచు మీద పోటీ చూశావా? చూసే ఉంటావు, చూసి పండగ చేసుకుని ఉంటావు. నా పచ్చగౌను పిల్ల ఒక్క అడుగు తడబడిందా? గాల్లో గిర్రున తిరిగి, పిట్ట గోడమీద వాలినట్టు దిగింది. మరి నీ పొడుగు పిల్ల? ఎగిరింది, తిరిగింది, పిర్ర మీద పడింది. పడి ఊరుకుందా, జారుకుంటూ గోడదాకా వెళ్ళింది. లేచి గౌను దులుపుకుని, చుట్టాలింటికి వచ్చినట్టు నవ్వింది. దానికి ఫస్టు! మా కోడలు మేరీ టీవీలో అంకెలు చదివి చెప్తే, నీకు చదవటం రాదే అని దాన్ని కూడా తిట్టాను. పాపం అది సరిగ్గానే చదివిందట.

నాకు అక్షరం ముక్క రాదు. కళ్ళున్నాయి. ఆ కళ్ళు కూడా నీ కళ్ళతోపాటే బాగుచేయించుకున్నాను. బందరు ఆసుపత్రిలో పక్కపక్క మంచాల మీద ఇద్దరం శుక్లాలు తీయించుకున్నాం. కట్లు విప్పి హాల్లో కూర్చోబెట్టాక మొట్టమొదట చూసింది ఆ టీవీ, అందులో మంచు మీద తేలిపోతున్న ఆడపిల్లలు. నేను పరలోకం అనుకున్నాను. నువ్వు 'దీన్ని స్కేటింగ్ అంటారక్కా' అని టీచరువై పోయావు. అప్పటినుంచి నీకో పిల్ల, నాకో పిల్ల. ఆ మాటకొస్తే నాకేం బాధలేదు. తీర్పు తీర్పులా ఉండాలి. నాట్లేస్తూ బురదలో బొక్కబోర్లా పడ్డదాన్ని పట్టుకుని, ఆహా ఎంత బాగా నాటావమ్మా అని ఎవరన్నా అంటారా? సమాధానం చెప్పు.

ఇంకోటి. ఆ జడ్జీల వరసలో చివరి కుర్చీలో ఒక ముసలావిడ కూర్చుంది. దేశం కాని దేశంలో, అంత చలిలో, చీర కట్టుకుని. అస్తమానం కొంగు లాక్కుని ఎడమ చెవి కప్పుకుంటోంది. అందరూ కోట్లు వేసుకుని కూర్చుంటే ఆవిడ ఎవరే? మేరీని అడిగితే ఏ ముసలావిడ అంటుంది. నువ్వు ఇంగ్లీషు చదువుతావు కదా, పేరేమిటో చూసి రాయి.

నీ తోటికోడలు,
దయామణి.

*

గుడివాడ,
నవంబరు.

అక్కా,

ఉత్తరం అందింది. పాస్టరమ్మగారి గుండ్రటి దస్తూరీలో నీ కేకలు వినపడుతుంటే మా అబ్బాయి స్టీఫెన్ కూడా నవ్వాడు. అమ్మగారికి నా వందనాలు చెప్పు. ఆవిడ ఓపికకు పరలోకంలో బహుమానం ఉంటుంది.

నీ ప్రశ్నకు సమాధానం. పడితే మార్కు తీస్తారు, తీశారు కూడా. కానీ ప్రతి ఎగురుడుకూ దాని కష్టాన్ని బట్టి ముందే ఒక విలువ కట్టి ఉంటుంది. నా పిల్ల ఎగిరింది, ఆడపిల్లలు చాలామంది సాహసించని ఎగురుడు. గాల్లో తిరగవలసినదంతా తిరిగాకే పడింది. నీ పిల్ల తేలికవి ఎంచుకుని శుభ్రంగా దిగింది. తేలిక లెక్కలన్నీ రైటు చేసినవాడికీ, కష్టమైన లెక్క చివరి మెట్టులో తప్పినవాడికీ నేను మార్కులు ఎలా వేసేదాన్నో మీ పిల్లల్ని అడుగు, వాళ్ళు నా క్లాసులోనే చదివారు.

నీకు సంతోషం కలిగించే మాట ఒకటి చెప్తాను. ఇంటర్నెట్‌లో ప్రపంచమంతా ఇదే గొడవట. స్టీఫెన్ చదివి వినిపించాడు. సగంమంది నీలాగే శాపనార్థాలు పెడుతున్నారు. జడ్జీలు తమ దేశం పిల్లకి ఎక్కువ వేసుకుంటున్నారని కొందరు, పేరున్న పిల్లకి బరిలోకి దిగకముందే మనసులో మార్కు పడిపోతోందని కొందరు, కెమెరా ఒక్క వైపునుంచే చూస్తుంటే పాదం పూర్తిగా తిరిగిందో లేదో ఎలా తెలుస్తుందని ఇంకొందరు. ఒకళ్ళనొకళ్ళు గుడ్డివాళ్ళని తిట్టుకుంటున్నారు. కాబట్టి నువ్వు ఒంటరిదానివి కావు. అంతమాత్రాన నీ మాట రైటూ కాదు.

చీర కట్టుకున్న జడ్జీ ఎవరూ లేరు. ఎవరో తెల్ల శాలువా కప్పుకుని ఉంటారు. కంటి డాక్టరు చుక్కలు మానవద్దన్నాడు, మానేశావు కదూ?

కృప.

*

నాగాయలంక,
డిసెంబరు.

కృపావతీ,

చుక్కలు మానలేదు. రెండు పూటలా మేరీ వేస్తోంది. చుక్కలు వేశాకే మళ్ళీ చూశాను.

ఈసారి పోటీ వేరే దేశంలో. మంచు చుట్టూ బోర్డుల రంగు కూడా వేరు. జడ్జీలు మారారు. ఆవిడ మారలేదు. అదే చివరి కుర్చీ. ఈసారి కెమెరా దగ్గరగా వెళ్ళింది. కొంగు జారింది. ఎడమ చెవి తమ్మె చీలి, రెండు ముక్కలుగా వేలాడుతోంది.

రాయండి అమ్మగారూ, పెన్ను కింద పెట్టకండి. ఉత్తరం నాది, పాపమైతే నా లెక్కలో పడుతుంది.

అది మన అత్త. కనకరత్నమ్మత్త. కమ్మ లాగిన దొంగని చెంపదెబ్బ కొట్టి, తెగిన చెవితోనే చర్చికి వెళ్ళి కూర్చున్న మనిషి. నాకు ఆ చెవి తెలియదా? చివరి రోజుల్లో తల దువ్వింది నేను.

నీకు ఇంకా అనుమానమైతే ఇది విను. ఆవిడ ముందు ఒక గ్లాసు ఉంది. నా పచ్చగౌను పిల్ల ఆట ముగించి వంగి దణ్ణం పెట్టగానే ఆవిడ గోరుతో గ్లాసు మీద టింగు టింగుమనిపించి, దాన్ని బోర్లించేసింది. టీవీలో పాట నాకు చెవిలో ఈగ తిరిగినట్టు వినపడుతుంది. ఆ గోటి చప్పుడు మాత్రం నా పక్క మంచం మీదనుంచి వచ్చింది.

బోర్లించటం అంటే ఏమిటో పాస్టరమ్మగారికి తెలియదు, ఆవిడ కోసం చెప్తున్నాను. ఆదివారం ఆరాధన నుంచి రాగానే మనిద్దరం చెరో కూరా వండి, చెరో గ్లాసు మజ్జిగా పెట్టాలి. అత్త రెండు కూరలూ తిని, గోటితో గ్లాసులు మోగించి, బాగా వండినదాని మజ్జిగ తాగేది. రెండోదాని గ్లాసు అందరి ముందూ బల్ల మీద బోర్లించేది. మజ్జిగ బల్లంతా పారి ఒళ్ళో పడేది. ఓడినది తుడవాలి. మొగుళ్ళు నోరెత్తేవారు కాదు. నేను తుడిచిన ఆదివారాలు ఎక్కువ. నీ కూర గొప్పదని కాదు. నువ్వు జీతం తెచ్చే కోడలివని.

ఇప్పుడు ఆవిడ ఎందుకు వచ్చిందో నేను చెప్తాను. సమాధుల తోటలో మన గోడ లోపల మావయ్య, అత్త, మన ఇద్దరి మొగుళ్ళు ఉన్నారు. అత్త కుడిపక్కన ఒక్క మనిషి పట్టే చోటు మిగిలింది. రెండోవాళ్ళు కాలవ అవతలి కొత్త తోటకి పోవాల్సిందే. అక్కడ ముసురు పట్టిందంటే గోతిలో నీళ్ళు, పెట్టె తేలుతుంది. ఆ చోటు ఎవరిదత్తా అని మనం అడిగితే, 'నేను చెప్తాగా' అంది. చెప్పకుండానే కన్ను మూసింది. ఆ బాకీ తీర్పు చెప్పటానికి వచ్చింది.

ఆ చోటు నాది. ముందు ఆ ఇంటికి వచ్చినదాన్ని నేను. మళ్ళీ పోటీలో ఆవిడ గ్లాసు బోర్లించకుండా నా పిల్ల ఆడాలి. అంతవరకూ నాకు నిద్ర లేదు.

దయామణి.

*

గుడివాడ,
క్రిస్మస్ ముందు.

అక్కా,

నీ ఉత్తరం చదివి చాలా బాధపడ్డాను. ఇన్నేళ్ళు విశ్వాసంలో ఉన్నదానివి ఇలా మాట్లాడవచ్చా? చనిపోయినవాళ్ళు నిద్రిస్తున్నారు. కడపటి బూర మోగేవరకూ లేవరు. స్కేటింగ్ పోటీలకు జడ్జీలుగా రారు. ఇది నేను చెప్పటం కాదు, పాస్టరుగారిని అడుగు. అమ్మగారిచేత ఇలాంటివి రాయించి ఆవిడ మనసు పాడుచెయ్యకు.

సమాధి చోటు నీకు కావాలంటే తీసుకో. నేను ఏనాడైనా నోరు తెరిచి అడిగానా? దానికోసం అత్తగారిని లేపనవసరం లేదు.

కొంచెం ఆలోచించు. మన అత్తగారు బతికున్నన్నాళ్ళూ నల్లంచు చీర ముట్టుకోలేదు. అలాంటి మనిషి నల్లంచు చీర కట్టుకుని వచ్చి కూర్చుంటుందా? నీ కళ్ళు నిన్ను మోసం చేస్తున్నాయి.

ఆట గురించి మాత్రం మాట్లాడుకుందాం. నీ పిల్ల చేతులు కదిపే తీరు నాకు నచ్చింది. కానీ ఎగరబోయే ముందు అంతసేపు వెనక్కి జారుకుంటూ సిద్ధపడటమేమిటి? బస్సుకోసం నిలబడ్డట్టుంది. దానికి మార్కులు తగ్గించటం న్యాయమే.

పండక్కి అందరికీ నా వందనాలు.

కృప.

*

నాగాయలంక,
జనవరి.

కృపావతీ,

నీ ఉత్తరం అమ్మగారిచేత రెండోసారి చదివించుకున్నాను. తరవాత నా పాత ఉత్తరాల్లో నేను ఏమేం చెప్పానో గుర్తుచెయ్యమన్నాను. చీర అన్నాను. అంచు మాట నేను ఎత్తలేదు. అమ్మగారు కూడా, 'లేదండీ, నేను రాయలేదు' అన్నారు. ఆవిడ మొహం పాలిపోయింది.

నల్లంచు అని నీకెవరు చెప్పారే?

బతికున్నన్నాళ్ళూ ముట్టుకోలేదన్నావు, నిజమే. పెట్టెలో పడుకోబెట్టేటప్పుడు కట్టాం. హడావుడిలో అవనిగడ్డ కొట్టులో దొరికిన తెల్లచీర అదొక్కటే. కుచ్చిళ్ళు పెట్టింది నువ్వు, కొంగు సర్దింది నేను. చెవి కనపడకుండా కప్పమన్నది నువ్వు.

నువ్వు చూశావు. చూసి, నాకు చుక్కలు వేసుకోమని చెప్పావు. బైబిలు నాకు అప్పజెప్పావు. నేను చదువురానిదాన్ని కాబట్టి ఏం చెప్పినా తలూపుతాననుకున్నావా? స్త్రీల సమాజం పోటీలో కీర్తనలు ఏకధాటిగా అప్పజెప్పి నీ నోరు మూయించింది నేను కాదూ?

నా పిల్ల గురించి బస్సు మాట అన్నావు. దానికి జవాబు తరవాత ఇస్తాను, మర్చిపోతాననుకోకు. ముందు ఇది చెప్పు. ఎప్పటినుంచి చూస్తున్నావు? ఆవిడ నీ వైపు చూసిందా?

దయామణి.

*

గుడివాడ,
ఫిబ్రవరి.

అక్కా,

పడుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే అమ్మగారు క్షమించాలి.

బందరు నుంచి చూస్తున్నాను. కట్లు విప్పిన రోజునుంచి. నువ్వు పరలోకం అనుకుని ఆ పిల్లల్ని చూస్తుంటే, నేను వాళ్ళ వెనక వరసలో ఆవిణ్ణి చూశాను. నువ్వు భయపడతావని చెప్పలేదు. కాదు, అది అబద్ధం. నీకు కనపడట్లేదు, నాకే కనపడుతోంది, అంటే ఆవిడ నాకోసమే వచ్చిందని లోపల గర్వపడ్డాను. నీకు కూడా కనపడుతోందని నీ మొదటి ఉత్తరం చెప్పగానే నాకు కోపం వచ్చింది. అందుకే చుక్కల మాట అన్నాను.

మొన్నటి పోటీలో నా పొడుగు పిల్ల మళ్ళీ పడింది. మళ్ళీ ఫస్టు వచ్చింది. ఆవిడ గోటితో గ్లాసు మోగించింది, బోర్లించలేదు. ఎత్తి తాగింది. తాగి, మూతి తుడుచుకుని, మంచు వైపు కాదు, టీవీ లోంచి ఇటు, నా గదిలోకి చూసి తల ఊపింది. పండుగప్ప చేప పులుసు కుదిరినప్పుడు ఊపేదే, అదే ఊపు.

మర్నాడు పొద్దున స్నానాలగదిలో నా కాలు జారింది. తడి లేదక్కా. గచ్చు పొడిగా ఉంది, గాజులా మెరుస్తోంది. తుంటి విరిగింది. ఆపరేషను చెయ్యాలంటున్నారు, గుండె తట్టుకోదేమోనని ఆగారు. అన్నం సయించట్లేదు. స్టీఫెన్ నా గదిలోంచి టీవీ తీసేశాడు. తీసేసిన చోట గోడమీద నలుచదరంగా తెల్లగా కనపడుతోంది, చూస్తే మంచులా ఉంది. అటు వైపునుంచి గోటి చప్పుడు వస్తూనే ఉంది. నర్సుకి వినపడదు.

పడ్డ పిల్లకి ఫస్టు ఎలా ఇస్తారని అడిగావు కదా. ఇలాగే ఇస్తారనుకుంటాను. చోటు నాకు వచ్చిందక్కా. నాకు భయంగా లేదు. నువ్వు ఏమీ అనుకోకు.

నీ చెల్లి,
కృప.

*

నాగాయలంక సమాధుల తోట,
ఫిబ్రవరి, ఆదివారం ఆరాధన అయ్యాక.

కనకరత్నమ్మత్తకి,

నీ పెద్దకోడలు దయామణి చెప్పుకుంటున్న ఫిర్యాదు. పాస్టరమ్మగారు నీ సమాధి పక్కన గొడుగేసుకుని నిలబడి రాస్తున్నారు. రాసింది నీకు పైకి చదివి వినిపిస్తారు. నకలు ఒకటి గుడివాడ పోతుంది, ఎందుకంటే వెనక మాట్లాడటం నాకు చేతకాదు.

నీ తీర్పు తప్పు. కృపావతి గ్లాసు నువ్వు తాగకూడదు. బోర్లించాల్సిన గ్లాసు అది. ఎందుకో చెప్తాను, తలూపకుండా విను.

అది పడింది. పడ్డదానికి ఫస్టు ఏమిటి? పోనీ, పడేముందు గొప్పగా ఎగిరిందంటావా? ఏం ఎగిరిందని? కాపురానికొచ్చిన కొత్తలో పండుగప్పకి పొలుసు సరిగా గీకకుండా పులుసు పెట్టింది. మావయ్యకి పొరబోయి వీధంతా వచ్చింది. ఆ రోజు నువ్వు ఊళ్ళో లేవు, మేమంతా నీ దగ్గర దాచాం. అది రోట్లో నూరానని నీకు చెప్పిన మసాలా గుడివాడ బజారులో కొన్న పొట్లం. పొట్లం కాగితం పొయ్యిలో వేస్తుంటే నేనే చూశాను. ఆ కూరకే నువ్వు నా గ్లాసు బోర్లించావు. అప్పుడు నోరెత్తలేదు, ఇప్పుడు ఎత్తుతున్నాను.

ప్రసంగమప్పుడు కళ్ళు తెరుచుకుని నిద్రపోతుంది. ముందు బెంచీలో కూర్చుని అందరి పాటా దిద్దుతుంది, దాని శ్రుతి మాత్రం కాలవలో పడ్డ చెంబులా ఎటో పోతుంది. నీ చివరి రోజుల్లో శనివారం వచ్చి కాళ్ళు పట్టేదని మార్కులు వేశావేమో. దాని చేతులు చల్లగా ఉంటాయని నువ్వే నాతో గొణిగావు, గుర్తు తెచ్చుకో. మా పిల్లలకి చదువు చెప్పింది, కాదనను. చెవులు మెలిపెట్టి చెప్పింది. నాకు కూడా నేర్పుతానని పలక పట్టుకుని కూర్చుంది. నా పేరులో మొదటి అక్షరం దగ్గరే ఇద్దరం తిట్టుకుని లేచాం. అంత తెలివైన టీచరు, నాకు అక్షరం నేర్పలేకపోయింది. దానికేం మార్కు తీస్తావు?

అసలు సంగతి వేరే ఉంది. అది గురక పెడుతుంది. బందరు ఆసుపత్రిలో పక్క మంచం మీద నేను పడ్డ పాట్లు నాకు తెలుసు. బూర మోగేదాకా దాని పక్కన పడుకుంటావా? అలవాటైతే బూర కూడా వినపడదు నీకు. ఆలోచించుకో.

అయితే నిన్ను తీసుకుంటానే దయామణీ అంటావు. నేనూ పనికిరాను. నీ పక్కన పడుకున్నానంటే ఒక్క రోజు నిన్ను నిద్రపోనివ్వను. ఏ ఆదివారం ఏ కూరకి ఏం తీర్పిచ్చావో అన్నీ తిరగదోడతాను. బల్ల తుడిచిన గుడ్డ కూడా చేత్తో పట్టుకుని వస్తాను.

కాబట్టి చోటు ఖాళీగా ఉంచు. అక్కడ గడ్డి మొలవనీ. నీ కోడళ్ళిద్దరూ ఓడిపోయారని రాసుకో. ఓడిపోవటం మాకు అలవాటే, నీ దగ్గరే నేర్చుకున్నాం.

నా మాట మీద నమ్మకం లేకపోతే, ఎదురుగా వచ్చి చెప్పు. టీవీలో దాక్కుని కాదు.

దయామణి.

*

గుడివాడ,
మార్చి.

దయామణక్కా,

నకలు అందింది. స్టీఫెన్ గట్టిగా చదివాడు. నర్సు కూడా వింది, వంట చేసే ఆవిడ కూడా వింది. నా పరువు తీశావు.

ఒకటి: పొలుసు గీకింది నేను కాదు, మీ ఆయన. 'అమ్మాయ్, నేను సాయం చేస్తా' అని ముంత కల్లు తాగొచ్చి గీకాడు. మరిదిగారి మాట బయటపెట్టకూడదని, కాదు, బావగారి మాట బయటపెట్టకూడదని ఇన్నేళ్ళు ఆ నింద మోశాను. చూశావా, కోపంలో వరసలు కూడా తప్పుతున్నాను. మసాలా పొట్లం నిజమే. అయితే ఏం? కుదిరింది కదా కూర! నా శ్రుతి గురించి మాట్లాడటానికి చెవులు వినపడని మనిషికి హక్కు లేదు. గురక విషయం శుద్ధ అబద్ధం.

చదవటం అయ్యేసరికి నాకు ఒళ్ళు మండి, లేపి కూర్చోబెట్టరా అన్నాను. కూర్చుని, ఆ కోపంలోనే పెరుగన్నం పెట్టమన్నాను. తిన్నాను. స్టీఫెన్ ఏడ్చాడు, పిచ్చివాడు. ఆ వారంలోనే ఆపరేషను చేశారు. ఇప్పుడు ఊతకర్ర పట్టుకుని గుమ్మందాకా వెళ్తున్నాను.

గోటి చప్పుడు ఆగింది. నువ్వు సమాధి దగ్గర నిలబడ్డ ఆ ఆదివారం మధ్యాహ్నమే ఆగిందనిపిస్తోంది.

టీవీ మళ్ళీ పెట్టించుకున్నాను. పెద్ద పోటీ చూశాను. నీ పచ్చగౌను పిల్ల బాగా ఆడింది, ఒప్పుకుంటున్నాను. కానీ అక్కా, చివరి కుర్చీ ఖాళీగా ఉంది. కెమెరా వెళ్ళినప్పుడల్లా దగ్గరకెళ్ళి చూశాను. కుర్చీ వెనక్కి జరిపి ఉంది, ఎవరో లేచి వెళ్ళినట్టు. ముందు బల్ల మీద గ్లాసు కూడా లేదు.

నాకు ఇది నచ్చట్లేదు. సమాధి దగ్గర ఎదురుగా రమ్మని ఎందుకన్నావు? ఆవిడ ఎక్కడికి వెళ్ళిందక్కా? వెంటనే జవాబు రాయించు.

కృప.

*

నాగాయలంక,
మార్చి.

కృపా,

కంగారు పడకు. ఇక్కడే ఉంది.

బల్లకి అవతల, మావయ్య కుర్చీలో కూర్చుంది. మేరీకి కనపడదు. కానీ ఆ కుర్చీ తుడవటానికి వెళ్ళి తుడవకుండానే వచ్చేస్తోంది. ఎందుకే అంటే, 'ఏమో అత్తయ్యా, చల్లగా ఉంది' అంటుంది. పాస్టరమ్మగారు ఇవాళ ఆ కుర్చీ లాక్కోబోయి, చెయ్యి వెనక్కి తీసేసుకుని, నిలబడే రాస్తున్నారు. కూర్చోండి అమ్మగారూ, బెంచీ ఉంది కదా అంటే తల అడ్డంగా ఊపుతున్నారు. ఏం కనపడిందని నేను అడగలేదు.

అత్త ముందు రెండు గ్లాసులున్నాయి. నేను పెట్టలేదు, మేరీ పెట్టలేదు. రెండూ నిండుగా ఉన్నాయి. నీదొకటి, నాదొకటి. ఏది నీదో ఏది నాదో నాకు తెలియదు, ఆవిడకి తెలుసు.

ఆవిడేం మాట్లాడదు. వింటుంది. నేను పొద్దున్నుంచి వాదిస్తున్నాను. పచ్చగౌను పిల్ల గురించి, పాదం తిరగటం గురించి, ఆదివారాల గురించి. నేను చెప్తున్నంతసేపూ చేతులు ఒళ్ళో పెట్టుకుని వింటుంది. అన్నం తినటానికో ఊపిరి తీసుకోవటానికో ఆగితే మాత్రం కుడిచెయ్యి లేచి బల్ల మీదకి వస్తుంది. వేళ్ళు ఒక గ్లాసు వైపు జరుగుతాయి. నేను మళ్ళీ అందుకుంటాను. చెయ్యి వెనక్కి పోతుంది. మధ్యాహ్నం నా గొంతు బొంగురుపోయింది. అప్పుడు అమ్మగారు నీ ఉత్తరం తీసి గట్టిగా చదివారు. పొలుసు గీకింది మా ఆయనంటావా, నీ నోట్లో నీ కర్ర పెట్ట! చచ్చిన మనిషి మీద ఎంత మాట! కానీ అది చదువుతున్నంతసేపూ అత్త కదల్లేదు. చెవి మీద కొంగు తీసేసి మరీ వింది.

అందుకని చెప్తున్నాను, శ్రద్ధగా విను. బాగున్నానని రాయకు. సర్దుకుపోదాం అని అసలు రాయకు. అలాంటి ఉత్తరం ఒకటి వస్తే, అది చదివి మడత పెట్టేలోపు ఆవిడ తాగేస్తుంది. నా పిల్లని తిట్టు. బస్సు కోసం నిలబడ్డట్టుందని అన్నావే, అలాంటివి ఇంకా రాయి. పడ్డ పిల్లకి ఫస్టు ఎందుకు న్యాయమో, నీకు తెలిసిన లెక్కలన్నీ కట్టి రాయి. అదంతా తప్పని నేను చెప్తాను. నేను చెప్పింది తప్పని మళ్ళీ నువ్వు రాయి. పొడుగ్గా రాయి. ఇద్దరం కలిసి ఒక్క మాట మీదకి రాకుండా ఉన్నంతకాలం ఆవిడకి తీర్పు చెప్పే వీల్లేదు.

ఇవాళే పోస్టు చెయ్యి. నా గొంతు పూర్తిగా పోకముందే రావాలి.

గురక పెడతావు. నిజం.

దయామణి.